ఏ మర్దనా, ఎవరికి, ఎంతకి?

మూడేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున నా మెడ పట్టేసింది. కారు రివర్స్ తీద్దామని వెనక్కి చూడబోతే తల తిరగలేదు. నడుము దగ్గర్నుంచి మనిషినంతా తిప్పాల్సి వచ్చింది. రోజుకి పది గంటలు ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడికి ఇందులో వింతేం లేదు. వింతల్లా ఆ తర్వాత వచ్చిన సలహాలే. అమ్మ నువ్వుల నూనె వేడి చేస్తానంది. ఆఫీసులో స్నేహితుడు స్పా ఆఫర్ ఫార్వర్డ్ చేశాడు. బావమరిది అడక్కుండానే మసాజ్ గన్ ఆర్డర్ పెట్టేశాడు. వీధి చివర సెలూన్‌లో అయితే "ఒక్క పట్టు పడితే సెట్ అయిపోద్ది సార్, కూర్చోండి" అన్నారు.

సెలూన్ పట్టు తప్ప మిగతావన్నీ ఈ మూడేళ్లలో చేయించుకున్నాను. దొరికినంత చదివాను కూడా. మర్దనా పేరు చూసి ఎంచుకుంటే డబ్బులు దండగ అని అర్థమైంది. ఒంట్లో ఉన్న ఇబ్బంది ఏంటి, పట్టే చెయ్యి ఎవరిది, నెలకి ఎన్నిసార్లు పెట్టుకోగలం అన్నవే లెక్కలోకి వస్తాయి. కింద రాసినదంతా ఆ లెక్క ప్రకారమే.

ముందు అసలు దేనికి పనికొస్తుంది?

నడుం నొప్పితో మొదలుపెడదాం, ఎందుకంటే మర్దనా మీద మంచి పరిశోధన జరిగింది అక్కడే. 2011లో అమెరికాలో దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 401 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఒళ్లంతా హాయిగా పట్టే మామూలు మసాజ్. రెండో గుంపుకి నొప్పి ఉన్న కండరాన్ని వెతికి మరీ పట్టే ప్రత్యేకమైన మసాజ్. మూడో గుంపు వాళ్లు ఎప్పుడూ చేయించుకునే వైద్యమే చేయించుకున్నారు. మసాజ్ గుంపులకి వారానికొకటి చొప్పున పది సిట్టింగులు. పది వారాలయ్యేసరికి ఆ రెండు గుంపుల వాళ్లూ మూడో గుంపు కంటే బాగా తేరుకున్నారు. అయితే ఆ రెండు రకాల మసాజుల మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు! ఆరు నెలల దాకా మేలు నిలిచింది, ఏడాది తిరిగేసరికి చాలావరకు కరిగిపోయింది.

స్పాలో మెనూ కార్డు చేతికిచ్చి "మామూలుది 1,800, స్పెషల్ థెరపీ 3,200" అన్నప్పుడల్లా నాకు ఈ పరిశోధనే గుర్తొస్తుంది.

2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు చూస్తే, కొత్తగా పట్టేసిన నడుముకి మాత్రల కంటే ముందు కాపడం, మసాజ్ లాంటివి ప్రయత్నించమన్నారు. మసాజ్‌కి ఉన్న ఆధారాలు అంత బలమైనవి కావని కూడా అక్కడే రాశారు. మూడు నెలలు దాటి పాతుకుపోయిన నొప్పికి వచ్చేసరికి వ్యాయామం, యోగా వగైరా సిఫార్సు చేశారు గానీ, ఆ వరసలో మసాజ్ లేదు. అంటే పాత నొప్పికి మర్దనా తోడుగా ఉండాల్సిందే తప్ప, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

టెన్షన్ తగ్గడం మాత్రం నిజం. ఒక్క సిట్టింగ్ తర్వాతే ఆందోళన తగ్గి, గుండె వేగం, బీపీ కాస్త దిగుతాయి. కొన్ని వారాలు వరసగా చేయించుకున్నవాళ్లలో దిగులు, కంగారు తగ్గినట్టు చాలా పరిశోధనలు చూపించాయి. బీపీ మాత్ర మానేయొచ్చని దీనర్థం కాదు, ఆ దిగడం కాసేపటికే. స్పా గోడల మీద రాసే "స్ట్రెస్ హార్మోన్ పడిపోతుంది" అన్న మాటకి మాత్రం అంత బలం లేదు. పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి లెక్కేసినవాళ్లకి కార్టిసాల్‌లో వచ్చిన మార్పు చాలా స్వల్పంగానే తేలింది. మరి హాయిగా ఎందుకుంటుంది? గంటసేపు ఫోన్ లేకుండా కళ్లు మూసుకుని పడుకుంటే, ఇంకో మనిషి చెయ్యి ఓపిగ్గా వీపు మీద తిరుగుతుంటే, హాయిగా ఉండక ఏమవుతుంది!

ఇక ఒంట్లో విషాలు బయటికి పోతాయనడం ఉత్తిదే. ఆ పని చేసేవి కాలేయం, మూత్రపిండాలు. కండరాల్లో పేరుకున్న లాక్టిక్ యాసిడ్‌ని పిండేస్తుందన్నదీ అంతే. వ్యాయామం ఆపిన గంటలోపే అది దానంతట అదే సర్దుకుంటుంది. మర్దనాతో బరువు తగ్గేది ఎవరైనా ఉంటే, అది చేసేవాళ్లే.

ఇంట్లో నూనె పెట్టుకోవడం

ఖర్చు తక్కువ, వారం వారం నడిచేది ఇదొక్కటే. అందుకే దీనికే నా ఓటు. మనకిది కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. నరక చతుర్దశి తెల్లవారుజామున, భోగినాడు, ఉగాదినాడు నూనె అంటకుండా ఏ ఇంట్లోనూ పిల్లల్ని వదిలేవారు కాదు. చిక్కల్లా పండగలకే పరిమితమైపోవడం దగ్గర వచ్చింది. అష్టాంగ హృదయం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో వాగ్భటుడు అభ్యంగం, అంటే ఒళ్లంతా నూనె పట్టించుకోవడం, రోజూ చేసుకోమన్నాడు. రోజూ ఒళ్లంతా కుదరకపోతేనేం, తల, చెవులు, పాదాలు మాత్రం ముఖ్యంగా చూసుకోమన్నాడు. కఫం పట్టినప్పుడు, అజీర్తిగా ఉన్నప్పుడు వద్దని కూడా అన్నాడు. పాదాల మాట నేను పట్టుకున్నాను. రాత్రి పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు పాదాలకి నూనె రాసుకోవడం నా వారంలో నాలుగు రోజులైనా జరుగుతోంది.

పద్ధతి కష్టమేం కాదు. గానుగ నువ్వుల నూనె చిన్న గిన్నెలో పోసి, ఆ గిన్నెని వేడినీళ్లలో పెడితే గోరువెచ్చన అవుతుంది. నేరుగా స్టవ్ మీద పెడితే ఎంత కాగిందో తెలియక చెయ్యి కాలుతుంది. చేతులు, పిక్కలు, తొడల మీద నిలువుగా, మోకాళ్లు, భుజాల్లాంటి కీళ్ల దగ్గర గుండ్రంగా రాయాలి. పొట్ట మీద మెల్లిగా. పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి వేడినీళ్ల స్నానం, సున్నిపిండి. వీపు మాత్రం మన చేతికి అందదు. దానికి ఇంట్లో ఇంకొకరు కావాలి. మా ఇంట్లో ఆదివారం నేను అమ్మ మోకాళ్లకి పడతాను, మా ఆవిడ నా మెడకి పడుతుంది, ఆవిడ వీపు బాధ్యత మా అమ్మాయిది. అది అయిదు నిమిషాలకే చేతులు నొప్పంటుంది.

ఇందులో అసలు ప్రమాదం నూనెతో కాదు, నేలతో. నూనె కాళ్లతో టైల్స్ మీద నడిచి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దవాళ్లు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు. బాత్రూంలోనే ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని రాసుకోవాలి. పాదాలకి ఆఖర్న రాయాలి, రాశాక లేచి తిరగకూడదు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. నూనె పీల్చిన తువ్వాళ్లని ఉతికినా నూనె పూర్తిగా పోదు. వాటిని డ్రయర్‌లో వేసి, వేడివేడిగా కుప్పగా వదిలేస్తే వాటంతట అవే అంటుకుని మంటలు లేచిన సంఘటనలున్నాయి. నూనె స్నానానికి వేరే పాత తువ్వాళ్లు పెట్టుకుని, గాలికి ఆరేయడం మేలు.

పసిపిల్లలకి నూనె రాయడం మంచిదే, చర్మానికీ, నిద్రకీ. కానీ నలుగు పెట్టేటప్పుడు ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేసే అలవాటు మాత్రం మానాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ఈ విషయంలో అత్తగారితో వాదించాల్సి వస్తే పిల్లల డాక్టర్‌తోనే చెప్పించండి.

ఆయుర్వేద కేంద్రం

కేరళ పద్ధతి అని బోర్డు పెట్టిన ప్రతిచోటా దొరికేది ఒకటే కాదు. అసలు పద్ధతిలో ముందు వైద్యుడు కూర్చోబెట్టి నాడి చూస్తాడు, నిద్ర, జీర్ణం, మందులు అన్నీ అడుగుతాడు. ఆ తర్వాతే ఏ తైలమో నిర్ణయిస్తాడు. క్షీరబల, ధన్వంతరం, మహానారాయణ తైలం ఇలా ఒక్కోదానికీ ఒక్కో సందర్భం. చెక్కతో చేసిన ద్రోణి మీద పడుకోబెట్టి, ఇద్దరు చెరో పక్కన నిలబడి ఒకే లయలో పడతారు. పిళిచ్చిల్ అయితే గోరువెచ్చటి తైలం ధారగా పోస్తూ పడతారు. ఇది ఏడు, పద్నాలుగు, ఇరవై ఒక్క రోజుల లెక్కన సాగే చికిత్స. కేరళలో దీనికి కర్కాటక మాసం, అంటే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, మంచి సీజన్.

రిసార్టులో గంటసేపు చేసే "అభ్యంగ"కీ దీనికీ పేరొక్కటే పోలిక. అది హాయిగా ఉండదని కాదు. దానికి వైద్యం ఖరీదు కట్టకండి.

ఎవరికి బాగుంటుందంటే, ఒళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లకి, రెండు వారాలు తీరిగ్గా కూర్చోగలిగినవాళ్లకి. కోటక్కల్ ఆర్యవైద్యశాల లాంటివి 1902 నుంచి నడుస్తున్నాయి. అంత దూరం వెళ్లక్కర్లేదనుకుంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. ప్రైవేటు కేంద్రాల ఖర్చులో చిన్న భాగంతో అయిపోతుంది, కాకపోతే ఓపిక కావాలి. చార్మినార్ దగ్గర నిజామియా తిబ్బీ ఆసుపత్రి ఉంది. యునానీలో మర్దనాని దలక్ అంటారు, రోగన్ అనే మందు నూనెలు వాడతారు. అక్కడికెళ్లే తెలుగువాళ్లు తక్కువే గానీ, ఆ ఊరి ముసలివాళ్లని అడిగితే దలక్ గురించి కథలు కథలుగా చెప్తారు.

స్పా: స్వీడిష్, డీప్ టిష్యూ, థాయ్

స్వీడిష్ మసాజ్‌కి స్వీడన్ పేరు ఎందుకొచ్చిందో గానీ, ఆ నిమరడాలు, పిసకడాలని ఒక పద్ధతిలో పెట్టింది 19వ శతాబ్దపు డచ్ వైద్యుడు యోహాన్ మెజ్గర్. స్వీడన్‌లో దాన్ని ఉత్త క్లాసిక్ మసాజ్ అనే అంటారట! ఒత్తిడి తక్కువ, నూనె ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకి, నిద్ర పట్టనివాళ్లకి, ఎవరైనా ముట్టుకుంటే బిగుసుకుపోయేవాళ్లకి ఇదే సరైనది. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్ల మీద కూడా దీన్ని పరీక్షించారు. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో 125 మందికి రకరకాల మోతాదుల్లో ఎనిమిది వారాలు చేసి చూస్తే, వారానికొకసారి గంటసేపు అన్నది అన్నిటికంటే అనువైనదని తేలింది.

డీప్ టిష్యూలో మోచేతులు, బొటనవేళ్లతో లోపలి పొరల దాకా నొక్కుతారు. కండలు పెంచేవాళ్లకి, మారథాన్‌లు పరిగెత్తేవాళ్లకి నచ్చుతుంది. "నొప్పి పుడితేనే పని చేసినట్టు" అన్న నమ్మకం మనవాళ్లలో బాగా ఉంది. నేనూ అదే నమ్మకంతో పళ్లు బిగపట్టి పడుకున్నాను, మర్నాడు వీపంతా నీలం మచ్చలు. నొప్పికి ఒళ్లు బిగుసుకుంటే వచ్చిన పని చెడుతుంది. పదికి ఆరు, ఏడు దాటనివ్వకుండా చెప్పి ఆపించుకోవాలి. చెప్పినా ఆపకపోతే లేచి వచ్చేయండి, డబ్బులు పోతే పోయాయి.

డబ్బుల సంగతంటే గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో నేను వెళ్లిన ఒకచోట గంటకి 2,200. పది సిట్టింగులు ఒకేసారి కడితే రెండు ఉచితం అన్నారు. కట్టాను. మూడు నెలల్లోపు వాడుకోవాలన్న నిబంధన రసీదు వెనకాల చీమంత అక్షరాల్లో ఉంది. అయిదు వాడుకున్నాను. మిగతా వాటి గురించి ఫోన్ చేస్తే మేనేజర్ ఎప్పుడూ మీటింగ్‌లోనే. అప్పట్నుంచి ఎక్కడా ప్యాకేజీ తీసుకోలేదు.

థాయ్ మసాజ్ ఒక్కటే వీటన్నిటికీ భిన్నం. బట్టలు విప్పక్కర్లేదు, నూనె ఉండదు. కింద పరుపు మీద పడుకోబెట్టి అరచేతులు, మోకాళ్లు, పాదాలతో నొక్కుతూ, కాళ్లూ చేతులూ సాగదీస్తారు. ఒకరకంగా మన బదులు వేరేవాళ్లు యోగాసనాలు వేయించడం అనుకోండి. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయం దీనికి పేరుమోసిన బడి. 2019లో యునెస్కో దీన్ని వారసత్వ కళల జాబితాలో చేర్చింది. కుర్చీకి అతుక్కుపోయి తుంటి, తొడ వెనక కండరాలు బిగిసిపోయినవాళ్లకి నేనైతే స్వీడిష్ కంటే దీన్నే చెప్తాను. నూనె గిట్టనివాళ్లకి, బట్టలు తీయాలంటే మొహమాటపడేవాళ్లకి కూడా ఇదే. డిస్క్ జారినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లకూడదు. ఆ సాగదీతలకి వెన్ను తట్టుకోదు.

ఫిజియోథెరపిస్టు

నా మెడ బాగుపడింది ఇక్కడే. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివిన కుర్రాడు, సిట్టింగుకి 500. మొదటి రోజు ముట్టుకోకుండానే అరగంట ప్రశ్నలు వేశాడు. చేతుల్లో తిమ్మిరి ఉందా, రాత్రి నొప్పికి మెలకువ వస్తుందా, మానిటర్ ఎంత ఎత్తులో ఉంది అని. తర్వాత పదిహేను నిమిషాలు మెడా భుజాలూ పట్టాడు, ఇరవై నిమిషాలు నాచేత వ్యాయామాలు చేయించాడు. "పట్టడం వల్ల మీకు రెండు రోజులు తేలిగ్గా ఉంటుంది. ఆ రెండు రోజుల్లో మీరు ఈ ఎక్సర్‌సైజులు చేసుకుంటే లాభం, లేకపోతే మళ్లీ నాకే లాభం" అన్నాడు. ల్యాప్‌టాప్ కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టించాడు. ఆరు సిట్టింగులకి 3,000 అయింది, స్పా ప్యాకేజీకి కట్టినదాంట్లో ఏడోవంతు కూడా కాదు.

నొప్పి ఒకేచోట ఉంటే, రెండు వారాలు దాటితే, చేతిలోకో కాల్లోకో పాకుతుంటే, ఇంకెక్కడికీ వెళ్లకుండా ముందు ఇక్కడికో డాక్టర్ దగ్గరికో వెళ్లాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

యంత్రాలు

బావమరిది పంపిన గన్ పిక్కలకీ, తొడలకీ బాగానే ఉంటుంది. మెడ మీద, వెన్నెముక మీద, ఎముక పైకి తేలే చోట వాడకూడదు. ఒకేచోట నిమిషం కంటే ఎక్కువసేపు పెట్టకూడదు. అతిగా వాడి కండరం దెబ్బతిని ఆసుపత్రిలో చేరినవాళ్ల కేసు వైద్య పత్రికల్లో వచ్చింది. లక్షలు పోసి మసాజ్ కుర్చీ కొనేముందు తెలిసినవాళ్లింట్లో ఒక నెల కూర్చుని చూడండి. నేను చూసిన మూడు ఇళ్లలో దాని మీద ఉతికిన బట్టలున్నాయి. పాదాలు పెట్టే మసాజర్ షుగర్ ఉన్న పెద్దవాళ్లకి కొనిపెట్టడం మన ఎన్నారై పిల్లలకి బాగా అలవాటు. అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకి అది ఎంత గట్టిగా నొక్కుతుందో, ఎంత వేడెక్కిందో తెలియదు. పుండు పడ్డాక గానీ బయటపడదు.

సెలూన్ పట్టు ఎందుకు వద్దన్నాను

తలకి నూనె రాసి పట్టించుకోవడం మంచిదే, నేనూ కూర్చుంటాను. ఆఖర్న గడ్డం, నడినెత్తీ పట్టుకుని టక్కుమని తిప్పే పట్టుతోనే పేచీ. మెడ వెన్నుపూసల లోపలినుంచి మెదడుకి వెళ్లే రక్తనాళాలున్నాయి. హఠాత్తుగా తిప్పితే వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. 2017లో ఢిల్లీ ప్రాంతంలో ఒకాయనకి ఇలాంటి పట్టు తర్వాత ఊపిరి తీయించే కండరానికి వెళ్లే నరాలు దెబ్బతిన్నాయి. 2022లో హైదరాబాద్‌లోనే 50 ఏళ్ల ఆవిడ బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటూ కళ్లు తిరిగి, వాంతులయ్యి, చివరికి స్ట్రోక్ అని తేలింది. ఇలాంటివి అరుదే. కానీ ఆ టక్కు శబ్దంతో వచ్చే లాభం కూడా ఏమంత లేదు కదా, దానికోసం ఎందుకు?

ఎవరు ఆగాలి

ఇది మాత్రం దయచేసి దాటేయకండి. అమెరికా నుంచి ఇరవై గంటలు ప్రయాణం చేసి దిగిన అమ్మానాన్నలకి ఒక కాలి పిక్క వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే, "ప్రయాణం బడలిక, కాస్త పట్టనా" అని కూర్చోకండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మర్దనా చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో ఇరుక్కోవచ్చు, ప్రాణం మీదికొస్తుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జ్వరం ఉన్నప్పుడు, చర్మం మీద పుండ్లో ఇన్‌ఫెక్షనో ఉన్నప్పుడు, ఎముక విరిగిన అనుమానం ఉన్నప్పుడు మర్దనా వద్దు. పడి చెయ్యి వాస్తే బెణుకని నూనె రాసి లాగడం మన ఊళ్లలో ఇంకా జరుగుతూనే ఉంది. ఎక్స్‌రే తీయించాకే ఏదైనా. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి కొద్దిపాటి ఒత్తిడికే లోపల కమిలిపోతుంది, డీప్ టిష్యూ అసలు వద్దు. ఉబ్బిన సిరల మీద నొక్కకూడదు. గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి, ఆ విషయంలో శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరే చేయించుకోవాలి.

ఎన్నిసార్లు, ఎంత ఖర్చు

2014లో మెడనొప్పి ఉన్న 228 మంది మీద మోతాదు పరీక్ష ఒకటి చేశారు. నాలుగు వారాలు. అరగంట సిట్టింగులు చేయించుకున్నవాళ్లకీ, ఏమీ చేయించుకోనివాళ్లకీ పెద్ద తేడా లేదు. గంటసేపు, వారానికి రెండు మూడుసార్లు చేయించుకున్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. మన లెక్కలో చూడండి: గంటకి 2,200 చొప్పున వారానికి రెండుసార్లంటే నెలకి 17,600. మధ్యతరగతి ఇంట్లో అద్దె అంత! నెలకోసారి స్పాకి వెళ్తే హాయి మిగులుతుంది, నొప్పికి పెద్దగా ఒరిగేదేం లేదు.

అందుకే నొప్పి ఉంటే ఆ డబ్బుని ఒకే నెలలో ఫిజియో దగ్గర కుదించి ఖర్చుపెట్టండి. నొప్పేం లేదు, నిద్రా టెన్షనే సమస్య అంటే వారానికోసారి ఇంటి నూనె, రెండు మూడు నెలలకోసారి సరదాకి స్పా. లీటరు గానుగ నూనె వారానికొక గిన్నె చొప్పున వాడితే ఒకరికి రెండు మూడు నెలలు వస్తుంది. పెద్దవాళ్లకి, సెలవులు చిక్కేవాళ్లకి, ఏడాదికోసారి ఆయుర్వేద కేంద్రం.

విదేశాల్లో ఉన్నవాళ్ల లెక్క వేరు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మసాజ్ చేసేవాళ్లకి లైసెన్సు తప్పనిసరి. డాక్టర్ వైద్య అవసరమని ఉత్తరం రాసిస్తే హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే) ఖాతాలోంచి కట్టొచ్చు. కెనడాలో అంటారియో, బ్రిటిష్ కొలంబియా లాంటి చోట్ల రిజిస్టర్డ్ మసాజ్ థెరపిస్టులుంటారు. ఉద్యోగం ఇచ్చే ఇన్సూరెన్సులో ఏడాదికి ఇంతని చాలామందికి ఉంటుంది, డిసెంబరు దాటితే పోతుంది. మా పెదనాన్న కొడుకు అక్కడే ఉంటాడు. అయిదేళ్లు ఆ సంగతే తెలియకుండా గడిపాడు.

చేతిని ఎలా పోల్చుకోవాలి

మన దగ్గర స్పాలో పనిచేసేవాళ్లకి లైసెన్సు అడిగే పద్ధతి అంతటా లేదు కాబట్టి మనమే చూసుకోవాలి. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్లయింది అని అడగండి. మొహమాటం వద్దు. దుప్పట్లు మనముందే మార్చాలి. పట్టే చోటు తప్ప మిగతా ఒళ్లంతా కప్పి ఉంచాలి. గది బయట రేట్ల పట్టీ స్పష్టంగా లేకపోయినా, మాటల్లో ఏదో తేడాగా అనిపించినా అక్కడ ఉండాల్సిన పనిలేదు. ఆడవాళ్లు మహిళా థెరపిస్టుని ముందే ఫోన్‌లో అడిగి ఖాయం చేసుకోవడం మంచిది. వెళ్లాక "ఇవాళ ఆవిడ రాలేదు" అంటే తిరిగి వచ్చేయండి.

అన్నిటికంటే తేలికైన పరీక్ష ఒకటుంది. మీరు లోపలికి వెళ్లి కూర్చున్నాక, నూనె ఏది కావాలి, ప్యాకేజీ ఏది కావాలి అని అడిగేలోపు "బీపీ, షుగర్ ఉన్నాయా? ఏమన్నా ఆపరేషన్లు అయ్యాయా? ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగారా లేదా చూడండి. అడగకపోతే చెప్పులు వేసుకోండి.